అమ్మ కిడ్నీ, ఏడాదికో సూది

జ్వరం వస్తే అందరూ నుదురు ముట్టుకుని చూసుకుంటారు. నా చెయ్యి మాత్రం పొత్తికడుపు కుడివైపుకి పోతుంది. అమ్మ ఇచ్చిన కిడ్నీ అక్కడ ఉంది. చర్మం కింద కొంచెం ఎత్తుగా, పిడికిలంత గట్టిగా తగులుతుంది. నొప్పి ఉందా, వాపు ఉందా అని తడుముకున్నాక గానీ మిగతా ఒళ్లు నాకు గుర్తుకు రాదు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు నా రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. బీపీ ఎప్పట్నుంచో ఉందట. తలనొప్పి వచ్చినప్పుడల్లా కుట్టుమిషన్ మీద వంగి కూర్చోవడం వల్లేననుకున్నాను. జడ్చర్లలో మేం కిరాయికి ఉండే ఇంటి ముందుగదే నా టైలరింగ్ దుకాణం. మా ఆయన ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మాకు ఒక్కతే కూతురు. కొన్నాళ్లు డయాలసిస్ మీద నెట్టుకొచ్చాక, దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉండే అమ్మ తన కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చింది. పరీక్షలన్నీ కుదిరాయని హైదరాబాదులో డాక్టరు చెప్పిన రోజు అమ్మ ఒక్కటే అడిగింది.

"ఏ దిక్కుది తీస్తరు సారూ? కుడిదిక్కుదైతే నాట్లేసేటప్పుడు ఒంగరాదేమో."

ఎడమదే తీశారు. ఆ వానాకాలం అమ్మ నాట్లకు పోలేదు గానీ, మరుసటి ఏడు పోయింది.

ఒంట్లోకి వచ్చిన కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగానే చూస్తుంది, తరిమేయాలని చూస్తుంది. అట్లా తరమకుండా ఉండడానికి, రోగాలతో కొట్లాడే శక్తిని తగ్గించే మాత్రలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బతికున్నంత కాలం మింగాలి. అంటే నా ఇంటి తలుపు నేనే తెరిచి పెట్టుకుని కూర్చోవాలన్నమాట. ఆ సంగతి ఆపరేషన్ అయిన కొత్తలో నాకు సరిగ్గా ఎక్కలేదు. మెల్లమెల్లగా ఎక్కింది. జాకెట్ కొలతలు తీసుకునేటప్పుడు మనుషుల ముఖాలకు జానెడు దూరంలో నిలబడాలి. ఎవరైనా ముక్కు ఎగబీల్చినా, గొంతు సవరించుకున్నా నా చేతిలో టేపు ఆగిపోయేది.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు డాక్టరు ఫ్లూ టీకా మాట ఎత్తాడు. వానలు మొదలయ్యేలోపు ప్రతి ఏడాదీ వేయించుకోవాలన్నాడు.

"ఫ్లూ అంటే సర్దీ, జ్వరమే గద సార్" అన్నాడు మా ఆయన.

"మీకు సర్దీ, జ్వరమే. ఆమెకు అది నిమోనియా కావచ్చు."

"సూది ఏసుకుంటె ఇగ రాదు గద సార్?" అని నేనడిగాను.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అట్లా మాటివ్వలేనమ్మా. టీకా ఏం చేస్తుందంటే, వైరస్ ఎట్లా ఉంటుందో ఒంటికి ముందే చూపిస్తుంది. దాన్ని ఎదుర్కొనే బలగాన్ని తయారు చేసుకోవాల్సింది మాత్రం మీ ఒళ్లే. నేనిచ్చే మాత్రలు ఆ పనినే తగ్గిస్తున్నాయి. అందుకని మీ ఆయనలో పనిచేసినంతగా మీలో పనిచేయదు. వేసుకున్నా ఫ్లూ రావచ్చు. వస్తే ముదరకుండా, ప్రాణం మీదికి రాకుండా కొంత కాపాడుతుంది."

"కొంత అంటె ఎంత సార్?"

"ఒక్కొక్కరిలో ఒక్కో తీరు. మీలో ఎంతో కొలిచి చెప్పే పరీక్ష నా దగ్గర లేదు."

నేను రోజంతా కొలతల మధ్య బతికే మనిషిని. భుజం, చేతి పొడుగు, నడుము, అన్నీ అరంగుళం దాకా చూసుకుంటాను. ఆ 'కొంత' నన్ను బస్సులో షాద్‌నగర్ దాటేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. నా దగ్గర కుట్టించుకునే ఒకామె, ఎక్కడ విన్నదో ఏమో, "గా సూది ఒంట్ల బలాన్ని లేపుతదట. లేసిన బలం వచ్చి గా కిడ్నీనే తంతదట" అంది. నేను వారం పాటు వాయిదా వేసి, చివరికి ఫోన్లో డాక్టరునే అడిగాను. "ఈ భయం చాలామందికి ఉంది. టీకా వల్ల కిడ్నీ పోతుందని ఎక్కడా తేలలేదు. ఫ్లూ వచ్చి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లను మాత్రం నేను కళ్లారా చూశాను" అన్నాడు. ముక్కులో కొట్టే రకం మాత్రం వద్దని, అందులో బతికున్న వైరస్ ఉంటుందని, సూది రకమే తీసుకోవాలని జాగ్రత్త చెప్పాడు. ఇంట్లో అందరూ వేయించుకోవాలన్నాడు. వాళ్ల ఒళ్లు టీకాను బాగా అందుకుంటుందనీ, వాళ్లకు రాకపోతే నాకూ వచ్చే దారి తగ్గుతుందనీ చెప్పాడు.

అట్లా ఏటా ఎండాకాలం చివర మేం ముగ్గురం, ఊరి నుంచి అమ్మ, నలుగురం కలిసి సూది వేయించుకోవడం అలవాటైంది. మొదటిసారి అమ్మ రవిక చెయ్యి దించుకుంటూ పెదవి విరిచింది. "గింతేనా? చీమ కుట్టినంత గూడ లేదు. గిది ఏం ఆపుతది బిడ్డా?"

కరోనా కాలం ఎట్లా గడిచిందో చెప్పాలంటే అదొక పెద్ద కథ. దుకాణం మూసి, తలుపులు వేసుకుని బతికాను. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. జనం మాస్కులు మరిచిపోయి, పెళ్లిళ్లు మళ్లీ ఊరంతా పిలిచి చేసుకోవడం మొదలైన కాలం.

ఆ ఏడు మాఘమాసంలో పెళ్లిళ్లు ఎక్కువ. ముందుగది నిండా జాకెట్లే. నేను మాస్కు పెట్టుకునే కొలతలు తీసేదాన్ని. ఒక సాయంత్రం మా బిడ్డ బడి నుంచి వచ్చి, సంచీ కూడా తీయకుండా మంచం మీద పడుకుంది. ఎనిమిదో తరగతి పిల్ల. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మా, తల నొస్తాంది. మా క్లాసుల సగం మంది వస్తలేరు."

నేను గడప దగ్గరే ఆగిపోయాను. కన్నబిడ్డ జ్వరంతో పిలుస్తుంటే కాళ్లు వెనక్కి పడడం ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను ఆ గడప దగ్గర నిలబడే మాట్లాడాను. నీళ్లు తాగమన్నాను, మాత్ర ఎక్కడుందో చెప్పాను. అదే లేచి వేసుకుంది. ఆయన వచ్చాక బిడ్డను వెనకగదిలోకి మార్చాడు, తనూ అక్కడే పడుకున్నాడు. నేను దుకాణం గదిలో, కత్తిరించిన గుడ్డల పక్కన పక్క వేసుకున్నాను. గోడ అవతల అది దగ్గినప్పుడల్లా నా గుండె ఎగిరిపడేది. మొదట దాని కోసం, వెంటనే నా కోసం. ఆ రెండో భయం వచ్చినందుకు ఏడుపొచ్చేది.

రెండు మూడు రోజుల్లో అది లేచి తిరిగింది. అన్నం అడిగింది. గండం గడిచిందనుకున్నాం.

తర్వాత ఒక పొద్దున పెళ్లికూతురి జాకెట్ గుడ్డ కత్తిరిస్తున్నాను. కత్తెర వణికింది. గుడ్డ జారిందనుకున్నాను. రెండోసారి కూడా వణికింది. అప్పుడు వెన్నులోంచి చలి పాకింది. కత్తెర పక్కన పెట్టి పొత్తికడుపు పట్టుకున్నాను.

మా ఆయన టిఫిన్ డబ్బా సర్దుకుంటూ చూశాడు. "ఏమైంది, గట్ల కూసున్నవ్?"

"జ్వరమొచ్చింది."

ఆయన ముఖం చూస్తే నాకు ఇంకా భయమేసింది. అయినా తేలిగ్గా మాట్లాడబోయాడు. "సూది ఏసుకున్నవ్ గద. మామూలు జ్వరమే అయి ఉంటది. సాయంత్రం దాక చూద్దామా?"

నాకూ అట్లాగే అనుకోవాలని ఉంది. సూది వేసుకున్నాను, మాస్కు పెట్టుకున్నాను, గడప దాటలేదు. ఇంక నేనేం చేయాలి? కానీ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఆస్పత్రిలో మాలాంటి వాళ్ల ఫోన్లు తీసే నర్సమ్మ ఒకామె ఉండేది. జ్వరం, ఇంట్లో బిడ్డకు వచ్చి తగ్గింది అని చెప్పగానే ఆమె గొంతు మారింది.

"ఇప్పుడే బయల్దేరండి. ఫ్లూ మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. టీకా వేసుకున్నానని ఆగొద్దు."

బిడ్డను పక్కింటివాళ్లకు అప్పజెప్పి కారు మాట్లాడుకుని బయల్దేరాం. నేను వెనకసీట్లో ఆయన పక్కన శాలువా కప్పుకుని కూర్చున్నాను. షాద్‌నగర్ దగ్గర లారీలు ఆగిపోయి, దారి ముందుకీ లేదు, వెనక్కీ లేదు. ఎండ అద్దంలోంచి పడుతుంటే నాకు వణుకు. ఊపిరి పూర్తిగా అందడం లేదని అక్కడే తెలిసింది. మా ఆయనకు చెప్పలేదు. చెప్పినా ఆయన ఆ లారీలను ఏం చేయగలడు? ఒక్కో ఊపిరినీ చూసుకుంటూ కూర్చున్నాను. ఇది వచ్చింది, ఇంకొకటి వస్తుందా అని.

ఆస్పత్రిలో ముక్కులోంచి నమూనా తీశారు. ఫలితం రాకముందే ఫ్లూ మందు మొదలుపెట్టారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింది భాగంలో మసక ఉందన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. సాయంత్రానికి అది ఫ్లూనే అని తేలింది. రక్త పరీక్షలో కిడ్నీ కూడా తడబడుతోందని తెలిసింది.

డాక్టరు నా మంచం పక్కన నిలబడి ఒక మాత్ర కొన్నాళ్లు ఆపుతున్నానన్నాడు. "మీ ఒంటికి కొంచెం పోరాడే బలం కావాలి ఇప్పుడు."

"గా బలం కిడ్నీ మీదికి తిరిగితె?"

"అందుకే ఒక్కటే ఆపుతున్నాను. రోజూ పరీక్ష చేసి చూస్తాం."

ఆయన వెళ్లాక నాకు అర్థమైంది. మాత్ర వేసుకుంటే ఊపిరితిత్తులు పోవచ్చు. ఆపితే అమ్మ ఇచ్చింది పోవచ్చు. ఏది కావాలని కోరుకోవాలో కూడా తెలియలేదు. అంతకుముందెప్పుడూ దేనికో ఒకదానికి దండం పెట్టుకునేదాన్ని. అప్పుడు చేతులు ఎటు ఎత్తాలో తోచలేదు.

తెర అవతలి మంచం మీద కొత్తకోట దిక్కు నుంచి వచ్చిన ఒకామె ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటుంది. ఆమెకూ కిడ్నీ మార్చారు. ఇచ్చింది ఆమె భర్తే. ఆమెకూ ఫ్లూనే. తెర పక్కకి జరిపి, ఆక్సిజన్ మాస్కు కొంచెం లేపి నన్ను అడిగింది.

"నువ్వు సూది ఏసుకున్నవా చెల్లె?"

"ఏసుకున్న అక్కా. మీరు?"

"నేను గూడ. గీడనే ఏసిండ్రు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఏటేట ఏసుకుంట. ఇన్నేండ్లల్ల గిదే మొదటిసారి రాబట్టె."

మరునాడు ఆమె మాట్లాడలేకపోయింది. ఆ మర్నాడు పొద్దున మంచాన్ని అట్లాగే తోసుకుంటూ ఐసీయూకి తీసుకుపోయారు. తర్వాత ఆమె భర్త వచ్చి మంచం కింద ఉన్న చెప్పులూ స్టీలు చెంబూ సంచీలో వేసుకున్నాడు. ఆయన సంచీ కట్టుకునే తీరు చూస్తే ఏమైందో అడగనక్కర్లేదు. పోతూ పోతూ నా వైపు తిరిగాడు.

"మంచిగైతవ్ చెల్లె. ఫికర్ చేయకు" అన్నాడు.

నేను తల ఊపాను. ఆ పూటంతా మా ఇద్దరి మధ్య తేడాలు వెతుక్కున్నాను. ఆమెకు వయసు ఎక్కువ. షుగరు ఉంది. జ్వరం వచ్చాక ఊళ్లోనే చూపించుకుని ఆలస్యంగా వచ్చారట. ఒక్కొక్క తేడా దొరికినప్పుడల్లా కొంచెం ఊపిరి ఆడేది. వెంటనే సిగ్గేసేది. అంతలోనే, ఇద్దరికీ పొడిచింది ఒకే రకం సూది కదా అని గుర్తొచ్చి ఒళ్లు చల్లబడేది.

అమ్మకు చెప్పొద్దని మా ఆయనతో ఒట్టు వేయించుకున్నాను. కానీ మా బిడ్డ ఫోన్లో అవ్వ దగ్గర ఏడ్చిందట. అమ్మ తెల్లారగానే బస్సెక్కి మధ్యాహ్నానికి వార్డు బయటికి వచ్చి కూర్చుంది. వార్డు తలుపుకు నిలువుగా ఒక అద్దం ఉండేది. ఆ అద్దంలోంచి అమ్మ తల నాకు కనిపించింది. మాస్కు పైకి కట్టుకుని, చీరకొంగు దాని మీద చుట్టుకుంది. మా ఆయన ఫోన్ తీసుకుని నాకు చేసింది.

"బిడ్డా, లోపటికొస్త."

"వద్దమ్మా. రాకు. నీకు ఒక్కటే ఉంది. వయసు గూడ మీద పడె."

"నేను గూడ సూది ఏసుకున్న గద."

"నేను గూడ ఏసుకున్న. ఏడున్ననో చూడు."

అద్దంలో అమ్మ కొంగు కదిలింది.

"గా రెండోది నీ కడుపుల ఉండంగ, నేను బయట కూసొని ఏం జేయాలె బిడ్డా?"

నాకు దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గేదాకా అమ్మ ఫోన్ పట్టుకుని అట్లాగే విన్నది. నేను ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పాను.

"అమ్మా, గది పోతదేమోనని భయమైతాంది."

"పోతె పోతది" అంది అమ్మ. గొంతు గట్టిగా ఉంది. "గది మాంసపు ముక్క. నువ్వుంటె సాలు. గది పోతె మల్ల డయాలసిస్ మిషన్ మీద కూసుంటవ్. గంతే గద. నువ్వు ఊపిరి తీసుకో. గా పని ఒక్కటి జెయ్."

అప్పటిదాకా ఆ కిడ్నీని కాపాడడమే నా పని అనుకుంటూ ఉన్నాను. అది పాడైతే అమ్మ ముఖం ఎట్లా చూడాలి అన్న భయం, చావు భయం కంటే పైన కూర్చుని ఉంది. ఆ మాటతో భయం పోలేదు. కానీ రెండు భయాల్లో ఒకటి కొంచెం పక్కకి జరిగింది. నేను కళ్లు మూసుకుని ఊపిరి మీదే ధ్యాస పెట్టాను. మళ్లీ కళ్లు తెరిచినప్పుడు అమ్మ తల ఆ అద్దంలోనే ఉంది.

మెల్లగా జ్వరం దిగింది. ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చి ఒకరోజు గొట్టం తీసేశారు. ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. కిడ్నీ నిలబడింది గానీ మునుపటిలా లేదు. కొంత బలం పోయిందనీ, అది తిరిగి రాకపోవచ్చనీ, ఉన్నదాన్ని కాపాడుకుందామనీ డాక్టరు చెప్పాడు.

ఇంటికి పంపేముందు ఆయన్ని అడిగాను. "సార్, సూది నాకు పనిచేసిందా, లేదా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిజం చెప్పాలంటే నాకు తెలియదమ్మా. టీకా లేకపోతే మీకు ఇంతకంటే ఎక్కువయ్యేదేమో. అయి ఉండకపోవచ్చు కూడా. ఒక్క మనిషిని చూసి అది తేల్చలేం. మీలాంటి వాళ్లను వేలమందిని చూస్తే, వేసుకున్నవాళ్లలో ఐసీయూ దాకా పోయేవాళ్లు తక్కువ ఉంటున్నారు. అందుకే వేయిస్తున్నాం. అందరూ బతుకుతారని కాదు."

"పక్క మంచం ఆమె..."

"తెలుసు" అన్నాడు. ఆయన కళ్లు కిందికి వాలాయి. "వైరస్ ఏటా కొంత మారుతుంది. మీరు వానలకు ముందు వేసుకున్నారు, మాఘం వచ్చేసరికి దాని బలం కూడా తగ్గి ఉంటుంది. మీ మాత్రలు ఉండనే ఉన్నాయి. టీకా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. జ్వరం రాగానే వచ్చారు చూడండి, అది మీకు చాలా మేలు చేసింది."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నాడు. బిడ్డతో ఒకే గదిలో పడుకుని, దానికి అన్నం తినిపించి, నన్ను కారులో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చిన మనిషికి తుమ్ము కూడా రాలేదు. అది సూది బలమో, అదృష్టమో ఎవరం చెప్పగలం?

ఇంటికొచ్చాక మా బిడ్డ నా దగ్గరికి రాలేదు. పెట్టిన అన్నం వెనకగదిలో తినేది. అడిగితే చదువుకోవాలనేది. రెండు రోజులు చూసి, మాస్కు పెట్టుకుని నేనే దాని మంచం మీద పోయి కూర్చున్నాను. అది గోడకు ఒదిగిపోయింది.

"నాకు గొంతు గరగరమంటాంది. దూరం పో అమ్మా."

"జ్వరముందా?"

"లేదు. గరగర గూడ లేదు గావచ్చు. ఏమో. భయమైతాంది." మోకాళ్లలో ముఖం పెట్టుకుంది. "నా నుంచే గద నీకొచ్చింది. అవ్వ నాతోని ఏమనలే గని, నాకు తెలుసు."

"నీ నుంచి వచ్చిందో, కొలతలకు వచ్చినోళ్ల నుంచి వచ్చిందో ఎవరు జూసిండ్రు? నీకు మాత్రం మీ క్లాసుల ఎవరో ఒక పిల్ల నుంచి రాలేదా? గా పిల్ల మీద కోపం జేసుకున్నవా నువ్వు?"

అది తల అడ్డంగా ఊపింది. అయినా నన్ను ముట్టుకోలేదు. దాని చెయ్యి నా చేతిలోకి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ బడి నుంచి రాగానే ముందు చేతులు కడుక్కుని, అద్దంలో గొంతు చూసుకుని, తర్వాతే ముందుగదిలోకి వస్తుంది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

దుకాణం మళ్లీ తెరిచాను. కొలతలు తీసే పని తగ్గించి, పాత జాకెట్ తెస్తే దాన్ని చూసి కుడతానని చెప్పాను. కొందరు మానేశారు. కొందరు ఉన్నారు.

మళ్లీ ఎండాకాలం చివరికొచ్చింది. సూది రోజు దగ్గరపడింది. వేయించుకోకపోతే భయం. వేయించుకుంటే, వేయించుకున్నాను కదా అని నమ్ముతానేమోనని భయం. అమ్మ ముందురోజే ఊరి నుంచి వచ్చింది. ఈసారి తమ్ముణ్నీ, మరదలినీ కూడా వెంటబెట్టుకొచ్చింది. తమ్ముడు పొలం పని ఆగిపోయిందని సణిగితే, "నేను నీ అక్క ఇంటికి వస్త పోత. నా ఇంట్ల ఉండెటోళ్లు మీరు. ఏసుకోవాలె" అని నోరు మూయించింది.

దవాఖానలో బల్ల మీద వరుసగా కూర్చున్నాం. నా పేరు పిలిచారు. నేను లేవలేకపోయాను. ఆ కొత్తకోట ఆమె మాట, ఏటేట ఏసుకుంట అన్న మాట, చెవిలో తిరుగుతోంది.

"అమ్మా, గిది పోయినసారి ఆపలేదు గద" అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ చెప్పింది. "ఆపిందో ఆపలేదో మనకేం ఎరుక? నువ్వు నా పక్కన కూసున్నవ్. నాకైతె గింతే ఎరుక. లే, పిలుస్తాండ్రు."

లేచి లోపలికి పోయాను. సూది పడినప్పుడు కళ్లు మూసుకున్నాను. బయటికి వచ్చేసరికి అమ్మ తన రవిక చెయ్యి పైకి మడుచుకుని, తన వంతు కోసం తలుపు దగ్గర నిలబడి ఉంది.